నేను వినకముందే ఎవరో విన్న వాయిస్‌మెయిల్

ఈ రోజు భోజనం చేసి సీటుకి వచ్చి, మా బరంపురం ఆఫీసు ఫోన్లో వాయిస్‌మెయిల్ తెరిచాను. "కొత్త సందేశాలు లేవు. విన్న సందేశం ఒకటి ఉంది" అంది మిషను. నేనేమీ వినలేదే అనుకుంటూ నొక్కాను. మా తమ్ముడి గొంతు. అక్కనైన నన్ను వాడు అప్పా అనే పిలుస్తాడు.

"అప్పా, కొడల నుంచి నేను. నీ సెల్ కలవట్లేదు. ఇంటికి కాయితం ఒచ్చింది, భంజనగర్ ఉద్యోగం నీకే. మీ ఆఫీసులో అప్పుడే సెప్పకు."

నేరుగా వెళ్లి ఫోన్లు చూసే రమణని పాస్‌వర్డ్ సంగతి అడిగాను.

"ఎవులి ఎక్స్‌టెన్షన్ నంబరే ఆళ్ల పాస్‌వర్డు మేడం. ఎవులూ మార్సుకోరు" అన్నాడు.

సాయంత్రం బయల్దేరుతుంటే మేనేజరు గారు నా టేబుల్ దగ్గర ఆగారు. "ఏటమ్మా, కొడలలో మీ తమ్ముడు బాగున్నాడా?"

నాకు తమ్ముడున్నాడని ఆ ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

పాస్‌వర్డ్ అయితే మార్చేశాను. రేపు ఆఫీసుకి వెళ్లడానికే కాళ్లు రావడం లేదు. మీరైతే వెళ్తారా?