అయిదు కొళాయిల ఫారం

ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. ఆఫీసులో అందరికీ ఆవిడ ఖాళీసీసా అక్క.

ఆ పేరు ఊరికే రాలేదు. నీళ్ళు పట్టడానికి ఎక్కడికి వెళ్ళినా, తీసుకెళ్ళే పెట్టెలో లాబులో శుద్ధి చేసిన నీళ్ళ సీసా ఒకటి, దాని పక్కన ఖాళీ సీసా ఒకటి ఉండాల్సిందే. కొళాయి దగ్గర నిలబడి ఆ శుద్ధమైన నీళ్ళని ఖాళీ సీసాలోకి వంపి మూత బిగిస్తుంది. తర్వాత మెషీన్ దాన్నీ పరీక్షిస్తుంది. అందులో ఏమీ దొరకలేదంటే ఆవిడ చేతుల నుంచీ, గాలి నుంచీ ఏమీ రాలి పడలేదని సాక్ష్యం. దొరికిందా, ఆ రోజు పట్టిన సీసాలన్నీ కాలవపాలు. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ ఖాళీ సీసాలో ఒక్కసారి కూడా ఏమీ దొరకలేదు.

వెతికేది మామూలు విషం కాదు మరి. అంటుకోని పెనాల మీదా, తడవని కోట్ల మీదా, మంటలార్పే నురగలోనూ ఉండే ఫ్లోరిన్ రసాయనాలు. నేలలోకి దిగితే కుళ్ళవు, కరగవు, ఎటూ పోవు. లక్ష కోట్ల చుక్కల్లో పది చుక్కలున్నా ఉన్నట్టే లెక్క. అవి లేని వస్తువు ఇంట్లో వెతికినా దొరకదు కాబట్టి, నీళ్ళు పట్టే రోజున ఆవిడ మొహానికి క్రీము రాసేది కాదు, వానొచ్చినా కోటు వేసుకునేది కాదు, కొత్త బట్ట కట్టేది కాదు. ఆరుసార్లు ఉతికిన నూలు బట్టలే. ఆవిడ వెలిసిపోయిన బట్టల్లో కనిపిస్తే చాలు, ఇవాళ ఏదో వీధికి మూడిందని తోటివాళ్ళు జోకులేసేవాళ్ళు. ఆవిడా నవ్వేది. భర్త పోయి పన్నెండేళ్ళు. మేడమీద రెండు గదుల్లో ఒంటరి కాపురం. ఆ నవ్వులు కూడా లేకపోతే రోజంతా మాట్లాడేది సీసాలతోనే.

చెల్లెలి వీధిలో నీళ్ళు పట్టడానికి ఆవిడ మూడేళ్ళు పోట్లాడింది.

ఆ వీధి ఒక దిబ్బ కింద ఉంది. దిబ్బ మీద మంటలార్పే వాళ్ళకి శిక్షణ ఇచ్చే మైదానం. పాత టైర్లు తగలబెట్టడం, నురగ చల్లి ఆర్పడం, ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని. చిన్నప్పుడు చెల్లెలి కూతురు ఆ నురగ గాలికి ఎగిరొస్తే మబ్బులు దిగాయని పట్టుకోవడానికి పరిగెత్తేది. ఆ పిల్లకిప్పుడు ఏడో నెల. ఇంట్లో అందరూ చంటి అనే పిలుస్తారు. మొగుడు పనిమీద దూరంగా ఉంటే పురిటికని తల్లి దగ్గరికి వచ్చి ఉంది.

వీధిలో ఉన్నవి అయిదిళ్ళు, అందరికీ కలిపి ఒకటే బోరు. బోరు నోరు ఏనాడో సిమెంటుతో మూసేశారు. నీళ్ళు దొరికేది కొళాయిల దగ్గరే. చల్లగా, తేటగా, తియ్యగా ఉంటాయి. తాగొద్దని ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా చెల్లెలు కొట్టిపారేసేది. "నీకు మంచినీళ్ళ గ్లాసు చూసినా అనుమానమే అక్కా. మీ ఆఫీసు కాగితమిస్తే అప్పుడు మానేస్తాలే" అనేది.

ఆ కాగితం కోసమే ఆవిడ పోరాటమంతా. కాగితం వస్తే ఊరి నీళ్ళ కమిటీ బోరు వాడకం ఆపించి, బయటి నుంచి పెద్ద గొట్టంలో మంచినీళ్ళు వేయిస్తుంది. ఆ గొట్టం ఏడాదికి ఒక్క వీధికే. ఈ ఏడాది కమిటీ కూర్చునేది చంటి నెలలు నిండకముందే. మెషీన్ ఉన్నది ఒక్కటే, దాని ముందు వరస చాంతాడంత. చివరికి పెద్ద కెమిస్టు ఒక రోజు ఇచ్చాడు. అది తన చెల్లెలి వీధేనని ఆవిడ ముందే చెప్పింది. ఆయన ఆవిడకంటే పద్దెనిమిదేళ్ళు చిన్నవాడు, మంచివాడు. నువ్వు వెళ్ళకపోతే ఇంకెవరు వెళ్తారక్కా అని సంతకం పెట్టేశాడు.

ఆ రోజు పని చక్కగా సాగింది. ఇంటింటికీ కొత్త చేతి తొడుగులు. అయిదు నిమిషాలు నీళ్ళు వదిలి, సీసా మూతి కొళాయికి తగలకుండా పట్టడం. గాజు సీసా పనికిరాదు, ఆ రసాయనం గాజు గోడకి అంటుకుపోతుంది. ప్లాస్టిక్‌ సీసాలే. పెరళ్ళలో మూడు చోట్ల స్టీలు తవ్వుగోలుతో మట్టి తీసింది. చంటి పొట్ట మీద చెయ్యి వేసుకుని గుమ్మంలో నిలబడి, పెద్దమ్మ నీళ్ళు పడుతుంటే పసిపిల్లకి స్నానం చేయిస్తున్నట్టుందని నవ్వింది.

అయిదో ఇల్లు చెల్లెలిదే. సీసాలు మంచుపెట్టెలో సర్ది, ఆవిడ బల్ల దగ్గర కూర్చుని ఫారాలు తీసింది. ఇంటికొక ఫారం, ఫారానికి ఇరవై రెండు ప్రశ్నలు. వాటిలో పదిహేడోది, కొళాయి కీళ్ళలో తెల్ల టేపు ఉన్నదా అని. గొట్టాల మరలకి నీళ్ళు కారకుండా చుట్టే టేపు. అది కూడా ఆ రసాయనాల కుటుంబమే. ఆ వీధిలో పాతకాలపు కొళాయిలు, జనపనారా రంగుముద్దా పెట్టి బిగించినవి. నిరుడు తనే చూసి రాసుకుంది. ఇవాళ కూడా ప్రతి కొళాయినీ వంగి చూసింది, తెల్లగా ఏమీ కనపడలేదు. నాలుగు ఫారాల్లో 'లేదు' అని రాసి అయిదోది అందుకుంది.

అప్పుడొచ్చాడు మరిది, చెల్లెలి భర్త. ముప్ఫై ఏళ్ళుగా కొళాయిల పని చేస్తున్నవాడు. ఆ చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని గొట్టం లేదు. చేతులు తుడుచుకుంటూ ఎదురుగా కూర్చున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"ఎలా ఉంది వదినా ధార? ఒక్క చుక్క పక్కకి పోలేదు కదా?"

బాగానే ఉందంది ఆవిడ, తల ఎత్తకుండానే.

"ఉండదూ మరి. నిన్న పొద్దున్నుంచీ అదే పని. నువ్వొస్తున్నావని అయిదిళ్ళవీ విప్పి, ఆ పాత నార పీకేసి, తెల్ల టేపు కొత్తగా చుట్టి బిగించాను. నీ సీసాలో నలక పడితే నాకు చిన్నతనం కాదూ?"

ఆవిడ కలం ఆగిపోయింది.

మంచి పనివాడు కాబట్టి టేపు అంచుని మర లోపలికి కోసి బిగించాడు. చెత్తగా చేసేవాడైతే పోగొకటి బయట వేళ్ళాడేది, ఆవిడ కంట పడేది, నీళ్ళు పట్టడం అక్కడే ఆపేసేది. ఇప్పుడు ఆయన మెచ్చుకోలు కోసం చూస్తున్నాడు. చెల్లెలు వంటింట్లోంచి, పని మొదలుపెడితే ఆయనకి తిండి కూడా గుర్తుండదని మురిపెంగా తిడుతోంది.

"బాగా చేశావు" అంది ఆవిడ చివరికి.

మళ్ళీ పట్టడానికి పెట్టెలో ఇంకో సీసా లేదు. ఆయన కొళాయి దగ్గరికి లేచి వెళ్ళాక, రాసిన నాలుగు 'లేదు'లనీ ఒక్కొక్క గీతతో కొట్టేసి, పక్కన 'ఉంది, కొత్తది' అని రాసి, నాలుగు చోట్లా పొట్టి సంతకం చేసింది. అయిదో ఫారంలో కొట్టివేత అక్కర్లేకపోయింది.

పదిహేను రోజులకి మెషీన్ అంకెలిచ్చింది. ఆఫీసు గీసిన హద్దు పది. అయిదు కొళాయిల్లోనూ రెండు వందలు దాటింది. ఖాళీ సీసాలో ఎప్పటిలాగే ఏమీ లేదు. మట్టిలో మాత్రం దండిగా ఉంది.

పెద్ద కెమిస్టు ఆవిడని గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. కొట్టివేతలున్న ఫారాలు ఒక పక్కా, ఏమీ రాయని తెల్ల ఫారాలు అయిదు ఇంకో పక్కా పెట్టాడు. టేపుకి రెండు వందలు వచ్చే ప్రశ్నే లేదని మనిద్దరికీ తెలుసు కదక్కా అన్నాడు. తెలుసునంది ఆవిడ. మళ్ళీ పరీక్షకి మెషీన్ వచ్చే వేసవి దాకా దొరకదన్నాడు. అదీ తెలుసు. ఆయన తెల్ల ఫారాలని వేలితో ఇటు జరిపాడు.

ఆవిడ వాటిని చూసింది. పదిహేడో ప్రశ్న ఎదురుగా ఖాళీ గడి, రెండక్షరాలు రాస్తే చాలు. చంటి పొట్ట కళ్ళ ముందు మెదిలింది. చెయ్యి కూడా చాచింది. కానీ ఆ అంకెలో నేలది ఎంతో, మరిది టేపుది ఎంతో ఆవిడ చెప్పగలిగేది కాదు. రెండు వందల్లో నూట తొంభై తొమ్మిది నేలదే అని గుండె చెబుతోంది. గుండె చెప్పింది రాయడానికి ఫారంలో గడి లేదు. ఈ ఒక్కటి రాస్తే, ఇన్నేళ్ళూ తను పట్టిన సీసాలన్నిట్లోనూ ఏది నిజమో తనకే తెలియకుండా పోతుంది. చాచిన చేత్తో పాత ఫారాలనే తీసుకుని ఫైల్లో పెట్టింది. పెద్ద కెమిస్టు కిటికీ వైపు తిరిగి నుంచున్నాడు.

కమిటీలో మైదానం తరఫున వచ్చిన నిపుణుడు గొంతు పెంచని మనిషి. కొట్టివేతలున్న ఫారాన్ని అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకున్నాడు.

"ఈ సంతకం ఎవరిదో గానీ, ఇంత నిజాయితీగా నింపిన ఫారం నేను ఇంతవరకూ చూడలేదండీ. వాళ్ళే రాశారు కదా, కొత్త టేపు ఉందని. ఇంక నేను చెప్పేదేముంది?"

మట్టి సంగతేమిటని పెద్ద కెమిస్టు అడిగాడు. మట్టిని ఎవరూ తాగరు కదా అన్నాడాయన, నెమ్మదిగానే. ఒకరిద్దరు నవ్వారు. నీళ్ళ విషయం నిర్ధారణ కాలేదని రాసుకుని, ఈ ఏటి గొట్టాన్ని కమిటీ ఇంకో వీధికిచ్చింది. వెనక వరసలో కూర్చున్న ఆవిడ దగ్గరికి తర్వాత ఆ నిపుణుడు వచ్చి చెయ్యి కలిపాడు. ఆవిడ కలిపింది కూడా. తర్వాత ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు సాయంత్రం చెల్లెలింటికి వెళ్ళింది. ముగ్గురూ ఎదురుచూస్తున్నారు. మెషీన్ పాడైందని చెప్పింది. అంకెలు రాలేదు, వచ్చే వేసవికి మళ్ళీ పడతాం అంది. దారంతా కూడదీసుకున్న అబద్ధం. ఫారం మీద రాయలేనిది ఇంట్లో ఇంత సులువుగా ఎలా వచ్చేసిందో ఆవిడకే వింతగా ఉంది.

చెల్లెలు నిట్టూర్చింది. ఏం ఆఫీసో, ఏం మెషీన్లో అంది. చంటి మాత్రం, తను నీళ్ళు కాచే తాగుతున్నానని, బెంగపడొద్దని పెద్దమ్మకే ధైర్యం చెప్పింది. కాస్తే నీళ్ళు ఇగురుతాయి తప్ప ఆ విషం ఇగరదు. ఉన్నది ఇంకాస్త చిక్కబడుతుంది. ఆ మాట ఆవిడ ఇదివరకు రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పడానికి ఓపిక లేకపోయింది.

"పోనీలే వదినా" అన్నాడు మరిది. "మళ్ళీ వచ్చే ముందు ఒక్క మాట చెప్పు. అన్నీ విప్పి మళ్ళీ కొత్త టేపు చుట్టి ఉంచుతాను. ఈసారి రెండు వరసలు చుడతా."

ఆయనని కాపాడదామని ఆడిన అబద్ధం, వచ్చే వేసవిని కూడా తినేసేలా ఉంది. ఇవాళ నోరు మూసుకుంటే మళ్ళీ అయిదు కొళాయిలు, మళ్ళీ పదిహేడో ప్రశ్న, మళ్ళీ అదే గొంతు పెంచని మనిషి. ఆవిడ కుర్చీ అంచు పట్టుకుంది.

"ఆ టేపు చుట్టకు" అంది.

ఎందుకని అడిగాడు మరిది. చెప్పింది. మెషీన్ పాడవలేదని కూడా చెప్పింది. టేపు అనే మాట వీలైనంత తక్కువసార్లు వాడింది, అయినా దాన్ని తప్పించుకుని చెప్పే దారి లేదు. చెల్లెలు చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. మరిది తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"ఆ రోజు బాగా చేశావన్నావు కదా వదినా?"

ఆయన లేచి సంచిలోంచి పానా తీశాడు. ఇప్పుడెందుకండీ అని చెల్లెలు వెనకాలే వెళ్ళింది. వేసవి దాకా ఉండనివ్వమని ఆవిడ కూడా అంది. టేపు ఉన్నా తీసేసినా ఇప్పుడు ఒరిగేదేమీ లేదంది. ఆయన వినిపించుకోలేదు. ముందు తన ఇంటి కొళాయి విప్పాడు. మరల్లోంచి తెల్ల టేపుని గోళ్ళతో గీకి గీకి తీసి, కొళాయిని వట్టి మర మీదే బిగించి, పక్కింటికి వెళ్ళిపోయాడు. అక్కడ తలుపు కొట్టి ఏమని చెప్పాడో వీళ్ళకి వినపడలేదు.

కీలు దగ్గర నుంచి నీళ్ళు కారడం మొదలైంది. ముందు చుక్క చుక్కగా, తర్వాత సన్నటి దారంలా.

చంటి నడుం మీద చెయ్యి వేసుకుని మెల్లగా లేచింది. పెద్దమ్మ లేవబోతే వద్దంది. వంటింట్లోంచి తాగేనీళ్ళు కాచుకునే గిన్నె తెచ్చి, నీళ్ళు వృథా అవుతాయని ఆ కారుతున్న చోట సరిగ్గా కింద పెట్టింది. అది నిండేదాకా ఆవిడ అక్కడే కూర్చుని చూసింది. నిండాక చంటి దాన్ని పొయ్యి మీదికి ఎక్కించి, కింద ఇంకో గిన్నె పెట్టింది.