పిల్లలు లెక్కపెట్టక ముందు

ఆవిడకి అసలు పేరంటూ ఒకటి ఉంది. కానీ సముద్రం ఒడ్డునున్న ఆ రెండంతస్తుల బిల్డింగులో అందరికీ ఆవిడ అద్దం పిన్నే. అక్కడ ఊడ్చి తుడిచే పనంతా ఆవిడదే. ఆవిడ తుడిచిన గచ్చులో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చని ఎప్పుడో ఎవరో అన్నారు, ఆ పేరు అంటుకుపోయింది. అది పొగడ్తో వెక్కిరింతో తేలకుండానే పిన్ని దాన్ని పొగడ్త కింద జమ కట్టేసుకుంది. దుమ్మంటే ఆవిడకి పుట్టుపగ. దుప్పట్లు మూట కట్టినా, పాత పరుపు అటకెక్కించినా, దానిమీద ఎర్ర పెయింటుతో సంవత్సరం రాయనిదే ఆవిడకి తోచదు.

ఏటా వేసవి సెలవుల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలు ముప్ఫైమంది పదిరోజుల క్యాంపుకి అక్కడికొస్తారు, సముద్రం గురించీ తీరం గురించీ సైన్సు నేర్చుకోవడానికి. రెండోరోజు పొద్దున్న చెత్త లెక్క. ఇసుక మీద తాళ్లతో చదరాలు పరిచి, ఒక్కో చదరంలో ఎన్ని కవర్లు, ఎన్ని సీసా మూతలు, ఎన్ని స్ట్రాలు ఉన్నాయో ఏరి పట్టికలో రాస్తారు. ఆ పట్టికలు తీరం బాగోగులు చూసే ఆఫీసుకి వెళ్తాయి.

మన పిన్ని ఏం చేసేదంటే, ఆ రోజు పిల్లలు లేవకముందే చీపురూ ప్లాస్టిక్ బస్తాలూ పట్టుకెళ్లి ఒడ్డంతా శుభ్రం చేసేసేది. ఇంటికి చుట్టాలొస్తుంటే హాలు ఊడవకుండా ఉంటామా? ఆవిడకి తెలిసింది అంతే. చెయ్యమని ఎవరూ చెప్పలేదు, వద్దనీ ఎవరూ అనలేదు. చెత్తబండి అటువైపు రాదు కాబట్టి బస్తాల మూతులు బిగించి కట్టి, వంటగది వెనక గొయ్యి తీసి పూడ్చేసేది. ఇలా తొమ్మిదేళ్లు. మన తీరం ఏటికేడు బాగుపడుతోందని సైన్సు మాస్టారు పట్టికలు చదువుతుంటే, తలుపు దగ్గర నిలబడి మురిసిపోయేది. ఏటికేడు బాగుపడింది ఆవిడ చీపురు పనితనమని పాపం ఆయనకేం తెలుసు.

పిన్ని అన్నయ్యకి చేపల పడవ ఉంది. వలేస్తే చేపలకన్నా కవర్లే ఎక్కువ పడుతున్నాయనీ, ఊళ్లోంచి వచ్చే మురుగుకాలువ మూతికి ఇనుప జాలీ బిగిస్తే తప్ప బతకలేమనీ ఆయన కనిపించినప్పుడల్లా మొత్తుకునేవాడు. విని విని విసుగొచ్చి, ఒకసారి నలుగురిలో పిన్ని ఆయన నోరు మూయించింది.

"చదువుకునే పిల్లలు పెన్సిలు పట్టుకుని ఒక్కొక్కటీ లెక్కపెట్టారన్నయ్యా. నువ్వే గోరంతలు కొండంతలు చేస్తావు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన మళ్లీ చెల్లెలి దగ్గర ఆ ఊసెత్తలేదు.

ఈ ఏడు చెత్త లెక్క అయిన సాయంత్రం మాస్టారు హాల్లో ఒక ఉత్తరం చదివారు. మన లెక్కలు ఎంత పనికొస్తున్నాయో చూడండంటూ గర్వంగానే మొదలుపెట్టారు. పడవలవాళ్లు కాలువకి జాలీ కావాలని అర్జీ పెట్టుకున్నారట. క్యాంపు పిల్లలు తొమ్మిదేళ్లుగా చేస్తున్న లెక్కల ప్రకారం చెత్త తగ్గుతోంది గనక జాలీ అక్కర్లేదని ఆఫీసువాళ్లు తేల్చేశారట. కాదనేవాళ్లు వారంలోగా రుజువు చూపించాలి. అర్జీలో మొదటి సంతకం పిన్ని అన్నయ్యది.

టీ గ్లాసుల ట్రేతో నిలబడ్డ పిన్నికి తల కొట్టేసినట్టయింది. ట్రే తీసి కిటికీ గట్టుమీద పెట్టేసింది. ఇంతలో కళ్లద్దాల పిల్ల ఒకతె లేచింది. పొద్దున్న మన చదరాలన్నిట్లో కలిపి పద్నాలుగు ముక్కలే దొరికాయి, ఇందాక అక్కడే నడుస్తుంటే కాళ్లకి కవర్లు చుట్టుకున్నాయి, ఇదెలా అని అడిగింది. మాస్టారు ఆటుపోట్ల గురించి ఏదో చెప్పారు. ఆటూ కాదు పోటూ కాదని ఆ హాల్లో తెలిసింది పిన్నికొక్కదానికే.

పిల్లలు వెళ్లాక ఆయన దగ్గర అంతా చెప్పేసింది. మాస్టారు చేతిలో ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండనివ్వండి పిన్నీ. వచ్చే ఏడు సరిగ్గా లెక్కపెడదాం."

ఆయన తొమ్మిదేళ్ల పరువు కూడా అందులో ఇరుక్కుంది మరి. పిన్ని హమ్మయ్య అనుకుంది. ఊడ్చినందుకన్నా అలా అనుకున్నందుకు ఆవిడకి ఎక్కువ సిగ్గేసింది. వచ్చే ఏడంటే అన్నయ్య వలలో ఇంకో ఏడాది కవర్లు. తుడిచిన గచ్చునే మళ్లీ మళ్లీ తుడుస్తూ ఆ సాయంత్రం గడిపింది.

మర్నాడు పిల్లలు టిఫిన్ చేస్తుంటే పార పట్టుకుని లోపలికొచ్చింది.

"మీరు నిన్న లెక్కపెట్టింది నేను ఊడ్చాక మిగిలిన చెత్త. ప్రతి ఏడూ ఇంతే. అసలుది వంటగది వెనకుంది, రండి."

మాస్టారి చెయ్యి ప్లేటు దగ్గరే ఆగిపోయింది. కానీ నిజం చెప్పుకోవాలి, బయటికి రాగానే ఆవిడ చేతిలో పార అందుకున్నది ఆయనే.

తవ్వేకొద్దీ బస్తాలు బయటపడ్డాయి. ఒక్కోదాని మీద ఎర్ర పెయింటుతో సంవత్సరం రాసి ఉంది. మొదటి ఏడువి రెండు. ఈ ఏడువి పదకొండు. ఎంత పెరిగిందో చెప్పడానికి సైన్సు కూడా అక్కర్లేదు. పిల్లలు ఏడాదికో కుప్ప పోసి ఒక్కొక్కటీ లెక్కపెడుతుంటే, పిన్ని గోడకానుకుని నిలబడి చూసింది.

కబురు తెలిసి అన్నయ్య వచ్చాడు. కుప్పలన్నీ తిరిగి చూశాడు. ఆవిడ తలెత్తలేదు. తిడితే బాగుండుననిపించింది.

"ఇన్ని బస్తాలూ ఒక్కదానివే మోశావటమ్మా?" అన్నాడాయన.

అప్పుడేడ్చింది పిన్ని.

సాయంత్రానికి కొత్త పట్టిక సిద్ధమైంది. పాత లెక్కలు ఎందుకు తప్పాయో రాయడానికి చివర ఒక గడి వదిలి, అక్కడేం రాయాలని కళ్లద్దాల పిల్ల మెల్లిగా అడిగింది. పొరపాటని రాసెయ్యమన్నారు మాస్టారు. పిన్ని కాదన్నట్టు తలూపింది.

"చూడ్డానికొచ్చినవాళ్లకి మా చెత్త చూపించడానికి సిగ్గేసి దాచేశానని రాయమ్మా. కింద సంతకం నాది."

ఆవిడ అసలు పేరు పిల్లలు మొదటిసారి చదివింది ఆ కాగితం మీదే.