మునగాల దగ్గర ఊగే బండి

గంటకు తొంభై కిలోమీటర్లు దాటగానే నా బండి ఊగేది. హ్యాండిల్ గడగడా వణకడం కాదు, అది వేరే జబ్బు. ఇది వెనుక నుంచి మొదలయ్యేది. సీటు కింద ఎవరో కూర్చుని తీరిగ్గా ఎడమకూ కుడికీ నెడుతున్నట్టు బండి మొత్తం మెలికలు తిరిగేది. యాక్సిలరేటర్ మెల్లగా వదిలితే సర్దుకునేది. ఈ సంగతి ఎంతమందికి చెప్పానో గుర్తులేదు. విన్న ప్రతివాడూ ముందు బండి వంక చూడలేదు, నా వంక చూశాడు. యాభై దాటిన ఆడమనిషి, చుడీదార్ మీద రైడింగ్ జాకెట్, పక్కన నాలుగు వందల సీసీ టూరింగ్ బండి. ఇక జబ్బు ఎవరిదో వాళ్లకు వేరే పరీక్ష అక్కర్లేదు.

ఉండేది సూర్యాపేటలో, ఫిజిక్స్ పాఠాలు చెప్పేది కోదాడలో ఒక జూనియర్ కాలేజీలో. ఇరవై ఏళ్లు బస్సుల్లో నిలబడి తిరిగాక ఈ బండి కొనుక్కున్నాను. మా ఆయన ఊళ్లో స్కూటర్ తప్ప ఏదీ నడపరు. హైవే మీద అభిప్రాయాలు మాత్రం బాగా నడుపుతారు. బండి ఊగుతోందని చెప్పిన రాత్రే, అన్నం ముందు కూర్చుని తీర్పు ఇచ్చేశారు.

"మిర్యాలగూడల తమ్మునికి ఇచ్చేద్దాం. వాడైతే నడుపుకుంటడు. నువ్వు బస్సుల పో."

మా మరిదికి అదే పూట ఫోన్ వెళ్లింది. బండికి ఏమైందని కూడా అడగలేదు ఆ మహానుభావుడు. వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం వచ్చి తీసుకుపోతానన్నాడు. నా చేతిలో రెండు వారాలు మిగిలాయి.

ముందు సూర్యాపేట మెకానిక్ దగ్గరికి వెళ్లాను. మా వైపు మెకానిక్‌లకు ఒక మర్యాద ఉంది. పానా పట్టుకోకముందే బండికున్న సామాను మొత్తం విప్పి బల్ల మీద పెట్టేస్తారు, తర్వాత ఏదైనా పోయిందంటే మాట పడాల్సి వస్తుందని. ఇతనూ సీటు వెనుక సామాను స్టాండు మీది అల్యూమినియం డబ్బాను భద్రంగా విప్పి పక్కన పెట్టాడు. అది చూసి అతని మీద గౌరవం కూడా కలిగింది. ఆ గౌరవం గంట నిలిచింది. టైర్లలో గాలి మార్చాడు, హ్యాండిల్ తిరిగేచోట బేరింగులు బిగించాడు, చైన్ లాగాడు, వెనుక చక్రం సరిచేశాడు. అన్నీ ఒక్కసారే. ఆ తర్వాత బస్టాండ్ దాకా నలభైలో వెళ్లి వచ్చాడు.

"మక్ఖన్ లెక్క మెత్తగ పోతున్నది మేడం. మీరే భయానికి హ్యాండిల్ గట్టిగ పడుతున్నరు."

తొంభైలో వచ్చే జబ్బును నలభైలో ఎట్లా చూశావన్నాను. నాలుగూ ఒకేసారి మార్చావు, నయమైతే దేనివల్ల నయమైనట్టు అని కూడా అడిగాను. నయమైనంక అదెందుకు మేడం అన్నాడు. నా ల్యాబులో ఎవరైనా ఇలా నాలుగూ మార్చి ఒక రీడింగ్ రాస్తే రికార్డు మీద అడ్డంగా ఎర్రగీత కొడతాను. ఇక్కడ డబ్బిచ్చి, నమస్తే పెట్టి వచ్చాను. మర్నాడు సాయంత్రం మునగాల దాటగానే బండి మళ్లీ మెలికలు తిరిగింది.

స్టాఫ్‌రూమ్‌లో అందరూ డాక్టర్లే. జువాలజీ ఆయన నా బరువు చాలదన్నాడు. తెలుగు ఆయన నిమ్మకాయలు కట్టమన్నాడు. ఈయన కట్టుకున్న బండి కిందటి వర్షాకాలంలో నిమ్మకాయలతో సహా కాలువలో పడిన సంగతి గుర్తుచేశాను. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు, అది లాభమే.

రెండో వారం కోదాడ మెకానిక్‌కు ఇచ్చాను. పొద్దున బండి వదిలి, ఆటోలో కాలేజీకి వెళ్లి, సాయంత్రం వచ్చి తీసుకోవడం ఏర్పాటు. ఇతనిది ఆంధ్రా మర్యాద, మాటకో 'అండీ' తగిలిస్తాడు. లోపల ఉన్నది మాత్రం అదే సరుకు. "లారీల గాలండీ మేడం. మీకు హైవే అలవాటు లేదు గదా" అన్నాడు. ఆ హైవే మీద ఏడాదిగా రోజూ తిరుగుతున్నానని చెబితే నవ్వాడు. వెనుక చక్రాన్ని పట్టుకునే చట్రంలో బుష్షులు మారుస్తానంటే మార్చమన్నాను.

సాయంత్రం వెళ్లేసరికి అతను ఫోన్‌లో ఉన్నాడు. తాళంచెవి చేతిలో పెట్టి, వెళ్లమన్నట్టు తల ఊపాడు. చీకటి పడేలోపు ఇల్లు చేరాలని బయల్దేరాను. మునగాల దాటాక తొంభై, తర్వాత వంద. బండి గీత గీసినట్టు వెళ్లింది. చటుక్కున పక్కకు జరిగి లారీని దాటినా చలించలేదు. మెకానిక్‌ను మెచ్చుకోవడం నాకు ఉపవాసమంత కష్టం, అయినా హెల్మెట్ లోపల మెచ్చుకున్నాను. ఒక ధాబా దగ్గర టీకి ఆగి, గ్లవ్స్ డబ్బాలో వేద్దామని వెనక్కి తిరిగాను. డబ్బా లేదు. ఖాళీ స్టాండు నా వంక చూస్తోంది. విప్పి బల్ల మీద పెట్టిన మనిషి తిరిగి బిగించడం మరిచాడు.

మర్నాడు అతని దగ్గర డబ్బా తీసుకుని బిగించుకున్నాను. సాయంత్రం ఒక సెక్షన్ పిల్లల ప్రాక్టికల్ రికార్డులు దిద్దడానికి అందులో వేసుకుని బయల్దేరాను. మునగాల దగ్గర బండి ఊగింది. కొత్త బుష్షులతో సహా ఊగింది.

అప్పుడు నేను మొదటే చేయవలసిన పని చేశాను. మూడు రోజులు, అదే దారి ముక్క, అదే వేగం, టైర్లలో అదే గాలి. మార్చింది ఒక్కటే. డబ్బా లేకుండా నిలకడగా ఉంది. ఖాళీ డబ్బాతో తోక కాస్త కదిలినట్టు అనిపించింది. రికార్డులు నింపిన డబ్బాతో తొంభై దాకా కూడా ఆగలేదు, ఎనభై ఐదుకే మెలికలు మొదలు. ఇద్దరు మెకానిక్‌లూ మర్యాద కొద్దీ జబ్బునే విప్పి బల్ల మీద పెట్టి, మిగిలిన బండిని వైద్యం చేశారన్నమాట.

ఇంతవరకు రాసి ఆపితే నాకు బాగుంటుంది. కానీ ఆ రాత్రి టేపు పట్టుకుని స్టాండు కొలిచాను. డబ్బా ఉండవలసిన చోటు కన్నా జానెడు వెనక్కి ఉంది, వెనుక చక్రం ఇరుసు దాటి గాలిలో వేలాడుతోంది. అంత వెనుక అంత బరువు కూర్చుంటే ముందు చక్రం నేలను సరిగ్గా పట్టుకోదు, వెనుకదేమో తోకలా ఊగుతుంది. దాన్ని వెనక్కి జరిపించింది నేనే. కిందటేడు మా ఆయన నా వెనుక కూర్చుని కోదాడ పెళ్లికి వచ్చి, డబ్బా నడుముకు గుచ్చుకుందని వారం మూలిగితే, వెల్డింగ్ షాపుకు వెళ్లి జానెడు వెనక్కి వేయమన్నాను. ఆ వెల్డర్ ఒకటికి రెండుసార్లు చెప్పాడు, "ఎనక బరువు ఎక్కువైతది మేడం, ఆలోచించున్రి" అని. ఇరుసు నుంచి దూరం, బరువు, వాటి ప్రభావం గురించి ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నానని అతని నోరు మూయించాను. షాపులో వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ప్రాక్టికల్స్ దగ్గరపడి రికార్డులు మోయడం మొదలయ్యేదాకా ఆ తప్పు బయటపడలేదు.

ఆదివారం పొద్దున్నే మరిది హెల్మెట్‌తో దిగాడు. కోదాడ అతను బుష్షులు మార్చాడు, బాగైపోయింది అని ఒక్క అబద్ధం ఆడితే నా పరువు దక్కేది. కానీ ఉత్త మాట ఎవరూ నమ్మరు, బండి వెళ్లిపోతుంది. ఊగేదాన్ని చూపించి, ఆపి చూపించాలి. చూపిస్తే ఆ స్టాండు ఎవరు వేయించారన్న ప్రశ్న వచ్చి తీరుతుంది.

డబ్బాలో రికార్డులు నింపి మరిదికి తాళంచెవి ఇచ్చాను. ఎనభై ఐదు దాటొద్దు, ఊగితే బ్రేక్ తొక్కొద్దు, మెల్లగా వదులు అని చెప్పి, అతని చేత రెండుసార్లు అనిపించాను. హైవే ఎక్కి, అరగంటలో మొహం పాలిపోయి వచ్చాడు.

"వదినా, ఎనక నుంచి ఎవరో పట్టి గుంజుతున్నట్టున్నది."

డబ్బా విప్పి మళ్లీ పంపాను. ఈసారి నవ్వుకుంటూ వచ్చాడు, బండి సూపర్ ఉందన్నాడు. మా ఆయన స్టాండు దగ్గర వంగి, చాలాసేపు చూసి అడిగారు.

"దీన్ని ఇంత ఎనకకు ఎవరు వేయించిన్రు?"

"నేనే. మీ నడుము కోసం. వెల్డర్ వద్దన్నడు, నేను వినలే. తప్పు నాదే."

నా నోటి నుంచి ఆ చివరి ముక్క వినడం ఆ ఇద్దరికీ కొత్త. మా ఆయనకైతే టీ తాగినంత హాయి కలిగినట్టుంది. బండి సంగతి మరిది మళ్లీ ఎత్తలేదు, తనకు టూరింగ్ పెద్దగా పనికిరాదని తనే అన్నాడు. మధ్యాహ్నం మా ఆయన సూర్యాపేట మెకానిక్‌కు ఫోన్ చేసి, అసలు లోపం మేం కనిపెట్టినం, నీకు చాతకాలే అని చెబుతుంటే వరండాలోంచి విన్నాను. ఆ 'మేం' అన్న మాట మీద గంటసేపు వాదించగలను. ఆ పూట మాత్రం పానా తీసుకుని స్టాండు బోల్టులు విప్పడం మొదలుపెట్టాను. రికార్డులు ఇక కాలేజీలోనే కూర్చుని దిద్దుతాను.