ఆ చెంప మీద నేను పూయని సున్నం

అరచేయి వెడల్పు సున్నానికి బరువెంత ఉంటుంది? ఏమీ ఉండదు. ఆరాక గోటితో గీకితే రాలిపోతుంది. ఆ కాస్త సున్నాన్ని నేను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. తట్టలకొద్దీ రాళ్లు మోసిన మెడ నాది. వాటిని దించిన చోటే మరిచిపోయాను. ఇది మాత్రం దిగలేదు.

ఎవరికీ చెప్పలేదు. మా ఆయన ఈ సంగతి తెలియకుండానే పోయాడు. యాభై దాటాక కోడలి దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. నా పేరు నేను రాసుకున్న రోజు ఆమె మురిసిపోయి "ఇగ ఏం రాస్తవ్ అత్తమ్మా?" అని అడిగింది. అడగగానే నా మనసులో మెదిలింది ఇదే. "గింతే బిడ్డా, ఇంకేం రాస్త" అని పలక పక్కన పెట్టేశాను. ఇప్పుడు రాస్తున్నాను. మీరు ముందు కూర్చున్నారనుకొని రాస్తున్నాను. మధ్యలో లేచిపోకండి.

కోరుట్ల పెద్ద రోడ్డు మీద పాత రెండంతస్తుల ఇల్లొకటి ఉండేది. పెగడపల్లి వైపు దొరలది. కింద దుకాణాలు, పైన పావురాలు. దాని పక్క గోడ నిండా ఒక చాయ్‌పత్తి కంపెనీ బొమ్మ గీసి ఉండేది. పసుపు రంగు మీద ఒక ఆడమనిషి. ఎర్ర చీర, చేతిలో కప్పూ సాసరూ. ఎవరు గీశారో తెలియదు. ఎవరైనా సరే, చేతిలో విద్య ఉన్నవాడు. చాయ్ రంగు నిజం చాయ్ రంగే. కప్పు మీది ఆవిరి చూస్తే వేడి తగిలేది. ఇక ఆమె ముఖం. పూర్తిగా నవ్వదు, నవ్వబోతుంది. బస్సు దిగి ఎటు పోతున్నా మనల్నే చూసేది. అంత ఎత్తున గోడకు ఆనించిన నిచ్చెన మీద నిలబడి, దగ్గరనుంచి రంగు తప్ప ఏమీ కనిపించని చోట, కింద బజారులో నడిచే మనిషికి ఎలా కనిపించాలో ఎలా తెలిసిందో ఆయనకు. ఆలోచిస్తే ఇప్పటికీ అబ్బురమే.

మాది ముత్యంపేట దగ్గర పల్లె. చిన్నప్పుడు మా అమ్మ చుట్టిన బీడీలు ఇవ్వడానికి కోరుట్లకు వస్తే నన్నూ వెంట తెచ్చేది. కార్ఖానాలో సేట్ బీడీలు ఏరి, సగం బాగాలేవని పక్కకు తోసేవాడు. అమ్మ ముఖం వాడిపోయేది. బయటికి వచ్చాక ఆ గోడ కింద నీడలో కూర్చుని "సూడు బిడ్డా, గా అమ్మ మనలను చాయ్‌కి పిలుస్తుంది" అనేది. ఆ ఊళ్లో మమ్మల్ని చాయ్‌కి పిలిచింది ఆమె ఒక్కతే.

బొమ్మ పక్కన పెద్ద పెద్ద అక్షరాలుండేవి. అప్పుడు అవి నాకు గీతలే. కానీ ఎంతగా చూశానంటే ఆ గీతలు కళ్లలో అచ్చుపడ్డాయి. అక్షరాలు వచ్చాక ఒకరోజు గుర్తున్న గీతలను గుర్తున్నట్టే పలక మీద వేసి చదివాను. ఒక్క కప్పుతో ఆగలేరు. అంతే. చాయ్ పొడి అమ్ముకోవడానికి రాసుకున్న మాట. నేనేమో ఏదో పెద్ద మాట ఉంటుందనుకున్నాను. అయినా చిన్నబోలేదు. ఆ పూట పలక తుడవలేదు.

పెళ్లయ్యాక నేను కూల్చే పనికి పోయాను. మా మేస్త్రి గంగారాం. కట్టే మేస్త్రీలు ఊరికి పదిమంది ఉంటారు. కూల్చడం తెలిసిన మేస్త్రి జగిత్యాల దాకా ఆయన ఒక్కడే అనేవారు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను, అది పొగడ్త కాదు. ఆయన గోడను కొట్టేవాడు కాదు, విప్పేవాడు. ముందు చెయ్యి ఆనించి నిలబడేవాడు. ఏ దూలం తీస్తే ఏ రాయి మీద బరువు పడుతుందో వేలితో చూపేవాడు. ఆనుకుని ఉన్న పక్కింట్లో ఉట్టి మీది కుండ కూడా కదలకుండా ఇల్లు దించిన మనిషి. ఇటుకలను పగలనిచ్చేవాడు కాదు. "ఎవరో ఓపిక్కొద్ది కట్టుకున్నరు, మర్యాదగ దించాలె" అనేవాడు. ఆయన భార్య లచ్చవ్వ కూడా మాతోనే తట్ట మోసేది. మనిషి ఉన్నచోట నవ్వులే. నేను ఆయనను అన్నా అనేదాన్ని, ఆమెను వదినె అని.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉండేది. గోడకు పగులు కనిపిస్తే, అది ఎక్కడ వెడల్పుగా ఉందో అక్కడ రెండు అంచులూ కలిసేట్టు అరచేయి వెడల్పున సున్నం పూయాలి. సున్నం ఆరి పెళుసవుతుంది. గోడ వెంట్రుకంత కదిలినా ఆ పూతలో చీలిక వస్తుంది. చీలిక వస్తే ఆ గోడ కిందికి ఎవరూ పోకూడదు. పొద్దున్నే నిచ్చెనెక్కి ఆ పూత చూసి చెప్పడం నా పని. బక్కగా ఉండేదాన్ని, చెయ్యి తేలిక. ఆయనే నేర్పాడు. గోడ సంగతి ఆయన అడిగేది నన్నే. ఆ గర్వం నాకు ఉండేది.

రోడ్డు వెడల్పు చేయడానికి ఆ దొరల ఇల్లు కూల్చాలన్నారు. పని మాకే వచ్చింది. పైకప్పు తీశాం, ముందు గదులు తీశాం. చివరికి బొమ్మ ఉన్న గోడ మిగిలింది. దాన్ని లోపలికి దించాలని గంగారాం అన్న ఆలోచన. దూలాలు తీసిన దెబ్బకు ఆ గోడలో పగులు పుట్టింది. పైనుంచి దిగి, ఆమె నుదుటి పక్కగా వచ్చి, చెంప మీద వెడల్పై, మెడ దగ్గర సన్నబడింది.

సున్నం పూయాల్సింది చెంప మీద.

సున్నం డబ్బా పట్టుకుని నిచ్చెనెక్కాను. అంత దగ్గరగా ఆమెను ఎప్పుడూ చూడలేదు. చెయ్యి లేవలేదు. నవ్వబోయే ముఖం మీద తెల్ల మచ్చ ఎలా వేయను? మా అమ్మను పిలిచిన ముఖం అది. చెంప వదిలేసి, జానెడు పక్కన, పగులు లేని పసుపు రంగు మీద పూసి దిగాను. కింద నుంచి చూస్తే సరైన చోటే పూసినట్టుంది. ఆయన ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి తలూపాడు.

నాలుగు రోజుల్లో మా చేతులతోనే కూలాల్సిన గోడ. ఆమె ముఖం మట్టిలో కలుస్తుందని నాకు తెలుసు. మరి ఎవరికోసం కాపాడాను ఆ ముఖాన్ని? ఇన్నేళ్లలో ఎన్నో జవాబులు చెప్పుకున్నాను. చిన్నతనం అన్నాను, అమ్మ మీది ప్రేమ అన్నాను. నిలబడిన ఒక్క జవాబు లేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒక రాత్రి వాన కొట్టింది. పొద్దున్నే ఎక్కి చూశాను. నా సున్నం నున్నగా ఉంది. చెంప మీది పగులు మాత్రం విచ్చుకుంది. నిన్న గోరు మాత్రమే పట్టే చోట ఇవాళ వేలు పట్టేట్టుంది. ఆమె పెదవి ఒక వైపు పైకి పోయింది. చూశాను. చూడలేదని మీతో అబద్ధం చెప్పను. దిగి వచ్చాను.

"చెల్లె, సున్నం ఎట్లున్నదే?" అని అడిగాడు గంగారాం అన్న.

"మంచిగనే ఉన్నది అన్నా."

"వాన గట్టిగనే కొట్టింది. గీత గిట్ల ఏమన్న పడ్డదా?"

"పూతకు ఏం గాలే."

పక్కన లచ్చవ్వ తలకు గుడ్డ చుట్టుకుంటూ నవ్వింది. "చెల్లె చెప్తెనే నమ్ముతడమ్మా మీ అన్న. కూరల ఉప్పేసిన్నంటె నా మాట నమ్మడు, మల్ల నాక్కుంట చూస్తడు."

"నీ ఉప్పుకు సున్నం పూసి చూడాలె" అన్నాడాయన. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. "ఇగ నడువుండ్రి, గోడ కింది రాళ్లు ఏరుండ్రి."

ఆయన సున్నం గురించి అడిగాడు, నేను సున్నం గురించే చెప్పాను. నేనన్న మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఆ తెలివిని పట్టుకునే కొన్నేళ్లు బతికాను. అసలు సంగతి వేరు. పగులు విచ్చుకుందని చెబితే, మరి సున్నం ఎందుకు చీలలేదని అడుగుతాడు. అడిగితే పక్కన పూశానని చెప్పాలి. నా మీద ఆయనకున్న నమ్మకం పోతుంది. ఆ నమ్మకం పోగొట్టుకోలేక ఆయన భార్యను గోడ కిందికి పోనిచ్చాను.

నేను నీళ్లకు పోయాను. చప్పుడు పెద్దగా రాలేదు. బస్తా దించినట్టు వచ్చింది. తర్వాత దుమ్ము. గోడ లోపలికి పడలేదు, వాళ్లు రాళ్లు ఏరుతున్న పక్క సందులోకి పడింది. తోటివాళ్లు తప్పించుకున్నారు. లచ్చవ్వ కాలు రాళ్ల కింద చిక్కింది. పాదం మిగల్లేదు.

ఆమెను ఆటోలో జగిత్యాల దవాఖానకు తీసుకుపోయారు. గంగారాం అన్న ఎక్కబోయి వెనక్కి వచ్చాడు. రాళ్లలో వెతికాడు. సున్నం ఉన్న పెళ్ల దొరికింది. పూత చెక్కుచెదరలేదు. దాన్ని చేతిలో తిప్పి చూశాడు. బొటనవేలితో అంచు తుడిచాడు. పూత కింద ఉన్నది పసుపు రంగు. చెంప రంగు కాదు. అది ఆయన కంట పడిందా? గోడ మీద చెయ్యి పెట్టి దాని కడుపులో సంగతి చెప్పే మనిషికి పడకుండా ఉంటుందా? పెళ్లను బోర్లించి మట్టిలో పెట్టాడు. నా వైపు చూడలేదు. జనం మీదికొస్తే "నా అందాజ తప్పింది" అన్నాడు. పోలీసులు అడిగినా అదే మాట, గుత్తేదారు అడిగినా అదే. నన్ను మాత్రం ఒక్క ముక్క అడగలేదు. ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు.

తెలిసి నన్ను కాచాడా? తెలియక తనే తప్పు చేశాననుకున్నాడా? తెలిసి ఉంటే అంత పెద్ద మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. తెలియకపోతే, చేయని తప్పును జీవితాంతం మోసేట్టు చేశాను. రెండిట్లో ఏది నిజమో తెలియకపోవడమే నాకు పడిన శిక్ష అనుకుంటాను. కానీ అదేం శిక్ష? నేను అన్నం తిన్నాను, పిల్లల పెళ్లిళ్లు చేశాను.

ఆయనను మళ్లీ ఎవరూ పనికి పిలవలేదు. ఇద్దరూ లచ్చవ్వ అన్నదమ్ములున్న సిరిసిల్లకు పోయారు. పవర్‌లూమ్ షెడ్డులో బట్టల తానులు మోశాడట. ఆమె ఇంట్లో కూర్చుని నూలు కండెలు చుట్టిందట. ఇక్కడ కోరుట్లలో కూలీలు పనికోసం నిలబడే అడ్డా మీద ఆయన పేరు ఎగతాళి మాటయింది. ఎవరి పని వంకర పోయినా "గంగారాం గోడ పెట్టినవా?" అంటారు. ఆయనను చూడనివాళ్లు కూడా అంటారు. మొన్న మా ఇంట్లోనే, మేస్త్రి పని చేసే నా కొడుకు వాడి కూలివాడిని అదే మాట అని నవ్వాడు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు. గంగారాం అన్న చనిపోయి రెండేళ్లయిందని అప్పటికే తెలుసు. ఇక ఆగలేకపోయాను.

సిరిసిల్ల బస్సెక్కాను. లచ్చవ్వ నన్ను గొంతుతో గుర్తుపట్టింది. చాప వేసింది. కాలు చీర కింద దాచుకుంది. నేను కూర్చోకుండానే మొదలుపెట్టి అంతా చెప్పాను, చెంప, పసుపు రంగు, వాన, ఆ పొద్దున నేను చూసిన పగులు. ఆమె చేతిలో రాట్నం ఆగిపోయింది.

"ఆయనను నేను ఎన్ని మాటలన్న!" అంది. "లేసినా కూసున్నా, గోడ చూడరాని మేస్త్రివి, నా కాలు తిన్నవు అని... సచ్చే ముందట గూడ అన్ననే. ఒక్కనాడు గూడ ఎదురు చెప్పలే. గా మాటలన్ని ఇప్పుడు ఎట్ల వాపస్ తీసుకోవాలె?"

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"ఇక్కడ ఏడిస్తె ఏమొస్తది? నాకు చెప్పుడు గాదు. ఆయన పేరు కరాబైంది కోరుట్లల. పో, ఆడ చెప్పు. ఇగ మల్ల మా ఇంటికి రాకు."

వెనక్కి తిరిగి వచ్చేశాను. మంచినీళ్లు ఆమె ఇవ్వలేదు, నేను అడగలేదు.

మర్నాడు పొద్దున మా కొడుకుతో అడ్డా మీదికి పోయాను. పనికోసం నిలబడ్డ వాళ్ల మధ్యలో నిలబడి చెప్పాను. కొందరు విన్నారు. కొందరు ఫోన్లు చూసుకుంటున్నారు. ఒకతను "గిప్పుడెందుకు అవ్వా, ఆయన లేనే లేడాయె" అన్నాడు. నా కొడుకు తల దించుకుని దూరంగా జరిగాడు. ఇంటికి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ సరిగా మాట్లాడడం లేదు.

అడ్డా మీద విననివాళ్ల కోసం ఇది రాశాను. గంగారాం మేస్త్రి అందాజ తప్పలేదు. ఆయనకు ఆ గోడ గురించి తప్పు చెప్పింది నేను.