మా కారును అమ్మనివ్వనిది ఎవరు

మేము తయారుచేసే కారు ఎందుకు అమ్ముడుపోవడం లేదో నాకొక్కడికే తెలుసని ఆ ఏడాదంతా అనుకున్నాను. కారణం నా బావమరిదేనని నా నమ్మకం.

మాది సత్యవేడు. సరిహద్దు దాటి తమిళనాడు వైపు కొంత దూరం పోతే ఒక కార్ల ఫ్యాక్టరీ ఉండేది. కంపెనీ బస్సులో రోజూ పోయి వచ్చేవాళ్ళం. నాది చివరి తనిఖీ. లైను మీద నుంచి దిగిన కారు బయటికి పోయే ముందు మా చేతుల్లోకి వచ్చేది. తలుపు వేసి శబ్దం వినేవాళ్ళం, నీళ్ళ కింద నిలబెట్టి లోపలికి చుక్క కారిందేమోనని తడిమి చూసేవాళ్ళం. వెనక డిక్కీ ఉన్న చిన్న కారు అది. రోడ్డును అతుక్కుని పోయేది. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే ఆ కారు పేరు చెప్పి ఊరుకునేవాణ్ణి. అంతకంటే చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు.

నా భార్య తమ్ముడు తిరుపతిలో, రేణిగుంట రోడ్డులో, మా కంపెనీ కార్లమ్మే షోరూములో సేల్స్‌మన్. ఆ ఉద్యోగం నా మాట మీదే వచ్చిందని నేననేవాణ్ణి. తన తెలివితో తెచ్చుకున్నానని అతననేవాడు.

ఫ్యాక్టరీలో ముందు ఒక షిఫ్టు తీసేశారు. తర్వాత అప్పుడప్పుడూ ఉత్తపుణ్యానికి సెలవులివ్వడం మొదలుపెట్టారు. వెనక మైదానంలో తయారైన కార్లు దుమ్ము పట్టి నిలబడి ఉండేవి. సూపర్‌వైజరును అడిగితే, "సీజన్ లేదప్పా. దీపావళికి అంతా సరిపోతాది" అన్నాడు. దీపావళి వచ్చింది, పోయింది. ఆ తర్వాత అతను చెప్పే ఏ మాటా నేను నమ్మలేదు. అయితే కారులో లోపముందని మాత్రం ఎలా నమ్మను? ప్రతిదీ మా చేతుల మీదుగా పోయిందే. అలాంటప్పుడు లోపం అమ్మేవాళ్ళలోనే ఉండాలి.

బావమరిదికి ఫోన్ చేస్తే ఒకటే పాట. "ఎవురూ అడగడంలేదు బావా. ఇప్పుడందురికీ ఎత్తు బండి కావాల. లోపల కూసుంటే రోడ్డు కిందికి కనపడాల. నీ కారు బాగలేదని కాదు, జనానికి మోజు మారిపోయినాది."

ఆ గొంతులో నాకు బాధ వినిపించేది కాదు. పైగా ఆ మధ్యే అతను కొత్త ఫోన్ కొన్నాడు, మంచి బూట్లు కొన్నాడు. బండ్లు అమ్ముడుపోని సేల్స్‌మన్‌కు ఇవన్నీ ఎక్కడివి? ఇదే మాట ఇంట్లో అంటే నా భార్య భగ్గుమంది.

"ఏమయ్యా, వాడు బూట్లేసుకుంటే దొంగయిపోతాడా?"

"దొంగని నేనన్నానా?"

"నోటితో అనలేదులే. నీ సూపులోనే ఉండాది."

తర్వాత ఇచ్చిన సెలవు రోజు, పాత స్నేహితుణ్ణి చూసి వస్తానని చెప్పి తిరుపతి బస్సెక్కాను. షోరూము ఎదురుగా ఉన్న టీ కొట్టులో, స్తంభం చాటున కూర్చున్నాను. కాసేపటికి ఒక జంట లోపలికి పోయింది. అద్దాల్లోంచి అంతా కనిపిస్తూనే ఉంది. మా కారులో కూర్చున్నారు, కాసేపటికే దిగారు. బావమరిది వాళ్ళను గేటు దాకా సాగనంపుతూ, అటూ ఇటూ చూసి ఏదో మెల్లగా చెప్పాడు. తన బైకు తీశాడు. వాళ్ళు తమ స్కూటరు మీద అతని వెనక బయలుదేరారు. నేను ఆటో ఎక్కాను. అదే రోడ్డులో ఇంకొంచెం ముందుకు పోయి, ఎత్తు కార్లమ్మే ఇంకో కంపెనీ షోరూము ముందు ఆగారు. అక్కడి వాచ్‌మన్ మా బావమరిదిని చూసి నవ్వి తలుపు తీశాడు.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కోపం కంటే తృప్తే ఎక్కువ కలిగింది. నేననుకున్నదే అయింది కదా అని.

అతను బయటికొచ్చేసరికి నేను బైకు దగ్గర నిలబడి ఉన్నాను. అతని ముఖం పాలిపోయింది.

"నువ్వేంది బావా ఈడ?"

"వీళ్ళు నీకెంత ఇస్తా ఉండారు?"

"ఈడ అరవద్దు బావా. రా, మా షోరూముకు పోదాం. సాయంత్రం దాకా నా పక్కన కూసో. ఆ తర్వాత ఎంత తిట్టినా పడతాను."

మధ్యాహ్నం చిత్తూరు వైపు నుంచి ఒక మామిడి తోటల రైతు, వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె మా కారులో కూర్చోగలిగింది కానీ లేవలేకపోయింది. చెరొక వైపు పట్టుకుని లేపాం. "గుంతలో దిగినట్టుండాది నాయనా" అంది ఆమె, మోకాళ్ళు పట్టుకుని. ఇక ఆగలేకపోయాను. ఆ కారు చేసేది మేమేనని చెప్పి తలుపు తీసి వేసి శబ్దం వినిపించాను. సీటు కింద, రబ్బరు అంచుల వెంట, చూపించగలిగినదంతా చూపించాను. రైతు చేతులు కట్టుకుని ఓపికగా విన్నాడు.

"బాగుండాదప్పా. మీ పని మీద నాకేం అనుమానం లేదు. ఒక్కటి మాత్రం చెప్పు. ఫ్యాక్టరీ మూసేస్తారని అంటా ఉండారే, నిజమేనా? రేపు ఏదన్నా చెడిపోతే సామాన్లు యాడ దొరుకుతాయి?"

బావమరిది వైపు చూశాను. అతను నేల చూపులు చూస్తున్నాడు. మూసేయరని చెబుదామనుకున్నాను.

"నాకు తెలీదప్పా" అన్నాను.

"చేసేవాళ్ళకే తెలీకుంటే నేనెట్ల కొనేది?" అన్నాడతను. అందులో ఎగతాళి ఏమీ లేదు.

వాళ్ళు పోయాక బావమరిది నన్ను షోరూము వెనక వర్క్‌షాపులోకి తీసుకుపోయాడు. "ఇందాక నువ్వు సూసిన షోరూము కూడా మా ఓనరుదే బావా. కాయితాల్లో ఆయన భార్య పేరుంటాది. మన కారొద్దన్న వాళ్ళని ఆడికి తోలమని ఆయనే చెప్పినాడు. దానికే నాకు కమిషన్. నీకు మాత్రం చెప్పొద్దన్నాడు, ఫ్యాక్టరీలో తెలిస్తే గొడవైతాదని."

"నీకెప్పట్నించి తెలుసు?"

"దీపావళికి ముందునించే."

"మీ అక్కకన్నా చెప్పుండొచ్చు గదా."

"చెప్తే నువ్వు నమ్మేవాడివా బావా? నేను కమిషన్ కోసం కథలల్లినానని అనుండవా?"

ఆ సాయంత్రం బస్సుకే ఇంటికి తిరిగొచ్చాను.

మరుసటి రోజు బస్సులో తోటివాళ్ళకు విషయం చెప్పాను. అమ్మేవాళ్ళు అప్పుడే ఇంకో కంపెనీ పట్టుకున్నారని, మనం జాగ్రత్త పడాలని. కొందరు నవ్వారు. పక్క సీటులో కూర్చునే మిత్రుడు నవ్వలేదు, నన్ను ఎగాదిగా చూశాడు. "మేనేజ్‌మెంటోళ్ళు నీతో చెప్పిస్తా ఉండారా? మేము బయపడి మా అంతట మేమే మానేస్తే వాళ్ళకు లాభం గదా" అన్నాడు. ఆ రోజు నుంచి నేను క్యాంటీనులో కూర్చుంటే ఆ బల్ల దగ్గర మాటలు ఆగిపోయేవి. అనుమానించడం నాకు అలవాటే. అనుమానానికి గురికావడం ఎలా ఉంటుందో మాత్రం అప్పుడే తెలిసింది.

కొన్ని నెలల తర్వాత ఒక పొద్దున పని ఆపించి, అందరినీ క్యాంటీనులో నిలబెట్టి, ఫ్యాక్టరీ మూసేస్తున్నామని చెప్పారు. జనం ఇష్టాలు మారాయన్నారు, ఇక్కడ చేసే కార్లకు గిరాకీ లేదన్నారు. ఎవరో ఏడ్చారు. బస్సు మిత్రుడు జనాన్ని తోసుకుంటూ నా దగ్గరికొచ్చి భుజం పట్టుకున్నాడు. క్షమించమంటాడేమో అనుకున్నాను.

"నీకింకా ఏమేం తెలుసో చెప్పు" అన్నాడు.

నాకింకేమీ తెలియదంటే అతను నమ్మలేదు.

ఇప్పుడు నేను మా ఊరికి దగ్గరున్న శ్రీ సిటీ పారిశ్రామికవాడలో, ఏసీలకు విడిభాగాలు చేసే చోట పనిచేస్తున్నాను. బావమరిది ఆ రెండో షోరూముకే మారాడు, ఎత్తు కార్లు బాగా అమ్ముతున్నాడు. మా మధ్య మాటలున్నాయి, రాకపోకలున్నాయి. మొన్న ఫోన్ చేసి అక్క గురించి, పిల్లల గురించి అడిగి, చివర్లో అన్నాడు, "మీ కంపెనీలో అంతా బాగుండాదా బావా?"

"ఎందుకడుగుతా ఉండావు? ఏమన్నా విన్నావా?"

"అయ్యో, ఊరికే అడిగినా బావా."

ఫోన్ పెట్టేశాక నా భార్య నా ముఖం చూసి, "వాడు మంచికే అడిగినాడయ్యా" అంది. అయి ఉండొచ్చు. అయినా ఆ ఆదివారం పొద్దున్నే తిరుపతి బస్సెక్కాను, అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని అసలేం విన్నాడో అడుగుదామని.