మెట్లు మాస్టారివి, మేడ టికెట్టమ్మది

ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ వీధిలో అది ఎవరికీ గుర్తులేదు. సినిమాహాల్లో బుకింగ్ కిటికీ వెనక కూర్చుని ఏళ్ళ తరబడి టికెట్లు చింపి ఇచ్చింది కాబట్టి అందరికీ టికెట్టమ్మ. ఆ కిటికీ ఎంత చిన్నదంటే ఒక చెయ్యి దూరితే రెండో చెయ్యి బయట ఆగాల్సిందే. అందుకని ఊళ్ళో జనమంతా ఆవిడకి చేతులుగానే తెలుసు. మొహం చూస్తే ఎవరో పోల్చుకోలేదు. చెయ్యి చూస్తే మాత్రం, "మీరు వెనక వరుస, గోడ పక్క సీటు. ఎప్పుడూ పేర్లు పడిపోయాకే వచ్చేవారు కదూ!" అనేది. కూరగాయల బండి దగ్గర నిలబడి ఆవిడ ఈ మాట అంటే, అవతలివాళ్ళు గబుక్కున చెయ్యి వెనక్కి దాచుకునేవాళ్ళు.

ఆ హాలు మూసేశారు. మూసి ఊరుకోకుండా కూలగొట్టి, కార్లు నిలుపుకునే జాగా చేశారు. టికెట్టమ్మ ఇంట్లో కూర్చుంది. కూర్చోవడం ఆవిడకి కొత్త కాదు. ఎదురుగా క్యూ లేకుండా కూర్చోవడం కొత్త. మేడమీద కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, కింద వీధిలో పోయేవాళ్ళని చూస్తూ, "ఒక్కరైనా తలెత్తరేం?" అనుకునేది. ఒంటరి మనిషి. మాట్లాడాలంటే కింద అన్నగారి భాగంలోకి దిగాలి. దిగితే అన్నగారు మాట్లాడతాడు, ఆవిడ వినాలి.

అలాంటిది ఒకరోజు పొద్దున్నే, తలకి నూనె రాసుకుంటూ ఉండగా, ఆలోచన వచ్చింది. రావడం కూడా మామూలుగా రాలేదు. సీసా చేతిలోంచి జారిపడేంత జోరుగా వచ్చింది. జనం మన కిటికీ దగ్గరికి రాకపోతే, జనాన్నే మన గదుల్లోకి తెస్తే! రెండు గదులు, వాటి మధ్య వసారా, వెనక డాబా. రాత్రి పడుకుని పొద్దున్న వెళ్ళిపోయే మనుషులు. పరుపులు, దుప్పట్లు, వేడి టీ. హోటలు కాదు, ఇల్లు. ఇంట్లాంటి బస!

ఆవిడ నూనె జుట్టుతోనే మెట్లు దిగి అన్నగారి ముందు నిలబడింది.

ఇక్కడ ఆ మెట్ల సంగతి చెప్పాలి. వాళ్ళ నాన్న చాలా న్యాయంగా ఆస్తి పంచాడు. కింది భాగం కొడుక్కి, మేడ కూతురికి. తన న్యాయానికి తానే మురిసిపోయి తృప్తిగా కళ్ళు మూశాడు. మెట్లు ఎవరివో చెప్పడం మరిచిపోయాడు. ఆ మెట్లు అన్నగారి ముందుగదిలో, ఆయన పడక్కుర్చీ పక్కనున్న ఆకుపచ్చ తలుపు వెనక మొదలవుతాయి. తలుపు ఆయన గదిలో ఉంది కాబట్టి మెట్లూ ఆయనవే అని అందరూ అనుకున్నారు. ఎందుకంటే అందరికంటే ముందు ఆయన అనుకున్నాడు, అనుకున్నది గట్టిగా అన్నాడు. బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఆయన గట్టిగా అంటే పక్క వీధిలో కూడా జనం వరసగా నిలబడతారు.

"బసా?" అన్నాడు మాస్టారు. "అంటే దారినపోయేవాళ్ళంతా పెట్టెలూ బేడాలూ పట్టుకుని నా ముందుగదిలోంచి ఊరేగుతారా?"

"ఊరేగడం ఎందుకన్నయ్యా, నడుస్తారు."

"నేను బనీను మీద ఉంటాను!"

"చొక్కా వేసుకోండి" అంది వంటగదిలోంచి మాస్టారి భార్య. ఆవిడ మనిషి కనిపించకుండానే మాటల్లో పాల్గొనగలదు. "రిటైరయ్యాక మీరు చొక్కా వేసుకోవడానికి ఇదొక్కటే మార్గంలా ఉంది."

"వదినా, నువ్వు నా వైపా?"

"నేను చొక్కా వైపు."

మాస్టారు చాలాసేపు మీసం సవరించుకున్నాడు. రంగుల షాపాయన అప్పటికే మేడని గోడౌనుకి అడుగుతున్నాడు. డబ్బాలు పెట్టుకుంటానన్నాడు, వెనక సందులోంచి ఇనప మెట్లు తానే వేయించుకుంటానన్నాడు. రంగు డబ్బాలు మాట్లాడవు, తుమ్మవు, బనీను వంక చూడవు. టికెట్టమ్మ కిందకి దిగి వంటగది వెనక సామాన్ల గదిలో సర్దుకుంటే సరిపోతుంది. ఆ గదిలో కిటికీ లేదు. ఆ ముక్క ఎవరూ పైకి అనలేదు గానీ టికెట్టమ్మకి అదొక్కటే వినిపించింది.

"సరే" అన్నాడు మాస్టారు. "మొదటి మనిషిని రానీ. చూద్దాం. వాడివల్ల నాకు వీసమెత్తు ఇబ్బంది కలిగినా ఆ తలుపుకి తాళం పడుతుంది, మేడ రంగులాయనకి పోతుంది. తరవాత ఏడవకూడదు."

"ఏడవను" అంది టికెట్టమ్మ. మాట ఇచ్చేసింది.

ఇక చూడాలి ఆవిడ హడావిడి! కాలు నేలమీద ఆనితే ఒట్టు. గోడలకి సున్నం వేయించింది, వేసేవాడి చేతిలోంచి కుంచె లాక్కుని మూలలు తనే వేసింది, జుట్టుకీ వేసుకుంది. దిండ్లు కొట్టి కొట్టి వాటిలో దూది గుట్టంతా బయటపెట్టింది. ఒక గదికి 'బాల్కనీ' అనీ, రెండోదానికి 'ఫస్ట్ క్లాసు' అనీ పేర్లు పెట్టింది. "మరి నేల క్లాసు?" అని వదిన అడిగితే, "అది మీ ఆయన పడక్కుర్చీ" అంది. ఆడవాళ్ళిద్దరూ మెట్లమీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వారు. బోర్డు రాసేవాడు వచ్చి 'ఇంట్లాంటి బస' అని రాసి, పక్కన ఖాళీ మిగిలిందని తన ఇష్టంకొద్దీ ఒక చిలకని వేసిపోయాడు.

బోర్డు కట్టిన వారానికే మొదటి మనిషి ఖాయమయ్యాడు. లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో కొత్తగా కట్టిన ఆసుపత్రిలో లిఫ్టు బిగించడానికి వస్తున్నాడు. సోమవారం పని. ఆదివారం పొద్దున్నే దిగుతాడు. రాత్రంతా రైల్లో నిలబడి వస్తాడట, వచ్చీ రాగానే పడుకోవాలని ఫోన్లో ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

మాస్టారు అదే ఆదివారం సాయంత్రానికి రంగులాయన్ని రమ్మన్నాడు. "మధ్యాహ్నానికే తేలిపోతుంది" అన్నాడు భార్యతో. "ఇబ్బంది అనేది నాకు తొందరగా కలుగుతుంది."

లిఫ్టాయన వచ్చాడు. బక్కపల్చటి మనిషి, చేతిలో పెద్ద సంచీ, కళ్ళు రెండూ మూతపడటానికి పోటీ పడుతున్నాయి. నోట్లో నాలుక లేనివాడని చూడగానే తెలుస్తోంది. టికెట్టమ్మ పైన వసారాలో నిలబడి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. పరుపు మీద దుప్పటి నలగ్గొట్టి మళ్ళీ సర్దింది. కింద గుమ్మం చప్పుడయింది. ఇంక పది మెట్లెక్కితే చాలు.

ఎవరూ ఎక్కలేదు.

ఆ ఇంట్లో వాళ్ళమ్మ హయాం నుంచీ ఒక పద్ధతుంది. ముందుగదిలో అడుగుపెట్టిన మనిషి కూర్చోకుండా కదలకూడదు. కరెంటు మీటరు చూసేవాడు ఈ ఇంటికి అన్నిటికన్నా ఆఖర్న వచ్చేవాడు, ఇక్కడికొస్తే ఆ పూట ఇంకెక్కడికీ వెళ్ళలేడు కనక. ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళకి అదొక పద్ధతని కూడా తెలియదు. ఊపిరి పీల్చుకోవడం పద్ధతని ఎవరనుకుంటారు? మనిషి రావడానికి కావలసినవన్నీ ఏర్పాటు చేసిన టికెట్టమ్మకి, వచ్చిన మనిషి ముందుగది దాటాలన్న సంగతి మటుకు తోచలేదు.

మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మొహం గంటు పెట్టుకుని, కుర్చీలో రాయిలా కూర్చున్నాడు. పలకరించకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. లిఫ్టాయన, "నమస్కారమండీ, పైకి..." అని ఇంకా ఏదో అనబోయేలోపు ఆయన నోరు దానంతటదే తెరుచుకుంది.

"రండి రండి, కూర్చోండి. ప్రయాణం బాగా జరిగిందా?"

"జరిగిందండీ. కొంచెం పడుకుంటే..."

"రైల్లో సీటు దొరికిందా?"

"లేదండీ. నిలబడే..."

"నిలబడ్డారా! ఎలా నిలబడ్డారు? అసలు నిలబడటం అనేది ఈ రోజుల్లో ఎవరికి తెలుసు? ఏదీ, ఒకసారి నిలబడండి."

పాపం, అప్పుడే కూర్చున్నవాడు నిలబడ్డాడు.

"చూశారా, నడుం వంగింది! మడమలు దగ్గరికి. ఛాతీ ముందుకి. ఆఁ!"

టికెట్టమ్మ మెట్ల మలుపులోంచి తొంగిచూసింది. తన మొదటి మనిషి గదిమధ్యలో చేతులు చాచి, కళ్ళు మూసుకుని, కాళ్ళమీదే నిద్రపోతున్నాడు. మాస్టారు అతని చుట్టూ తిరుగుతూ భుజాలు సవరిస్తున్నాడు.

"అన్నయ్యా! ఆయన్ని పైకి పంపించు!"

"నేనేం పట్టుకున్నానా? ఆయనే ఆగాడు" అన్నాడు మాస్టారు. "చూస్తున్నావుగా, నన్నెంత ఇబ్బంది పెడుతున్నాడో!"

ఈలోపు వదిన టీ తెచ్చింది. టీ తాగి లేవబోతే బిస్కెట్లు తెచ్చింది. బిస్కెట్లు అయ్యాక, పెళ్ళినాటి ఫోటోలు తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది.

"వదినా! నువ్వు కూడానా?"

"అయ్యో, ఖాళీ ఒడితో కూర్చున్నాడమ్మా, చూడలేకపోయాను. ఇదిగో చూడండి బాబూ, ఈ సన్నటి కుర్రాడు మీ మాస్టారే. మీసం అప్పటికి రాలేదు, కోపం అప్పటికే ఉంది."

లిఫ్టాయన ఆవలించాడు. మాస్టారు దాన్ని ఆసక్తి అనుకుని, బళ్ళో ఆటలపోటీల నాడు జెండా కర్ర హెడ్మాస్టారి నెత్తిన పడిన కథ ఎత్తుకున్నాడు. ఆ కథకి మొదలుంది, మధ్య ఉంది, చివర ఎవరూ వినలేదు. టికెట్టమ్మ ఇంక ఉండబట్టలేక, నేనే తీసుకొస్తానని ధాటిగా కిందకి దిగింది.

"కూర్చోవే, ఇది నువ్వూ వినలేదు" అన్నాడు మాస్టారు.

ఆవిడ కూర్చుంది. కూర్చున్నాక గానీ తాను కూర్చున్న సంగతి తెలుసుకోలేదు. గబుక్కున లేచి, సంచీ అయినా పైకి చేరిస్తే వెనకాలే మనిషి వస్తాడని దాన్ని 'బాల్కనీ'లో పెట్టొచ్చింది. మనిషి రాలేదు. మూడు దాటాక భోజనాల వేళ అతని కళ్ళద్దాలు సంచీలో ఉన్నాయంటే మాస్టారు స్వయంగా వెళ్ళి సంచీ మొత్తం కిందకి తెచ్చాడు.

"మీది లిఫ్టుల పని కదా" అంది వదిన అన్నం వడ్డిస్తూ. "మా ఇంటికి ఒకటి పెట్టకూడదూ?"

"లాభం లేదమ్మా" అన్నాడు లిఫ్టాయన, ఆ రోజంతటికీ మొదటిసారి ఒక మాట పూర్తిచేస్తూ. "మీ ఇంట్లో అది కిందే ఆగిపోతుంది."

మాస్టారు ముద్ద నోట్లో పెట్టుకుని ఆగి, అర్థమయ్యాక ఫక్కున నవ్వాడు. అన్నం చొక్కా మీద పడింది. ఆయన అలా నవ్వి ఎన్నేళ్ళయిందో భార్య తలుచుకోబోయి, తలుచుకోలేక తనూ నవ్వింది. టికెట్టమ్మ ఒక్కతే నవ్వలేదు. గోడ గడియారం వంక చూస్తోంది. రంగులాయన వచ్చే వేళవుతోంది.

భోజనం చేశాక లిఫ్టాయన చెయ్యి కడుక్కుని వచ్చి, మెట్ల తలుపు దాకా నిజంగానే నడిచి, పడక్కుర్చీ పక్కకి రాగానే కాళ్ళు సహకరించక, వాటిని తలుపుకి అడ్డంగా చాపి అందులోకి ఒరిగిపోయాడు. మాస్టారి కుర్చీ! అందులో మాస్టారి భార్య కూడా ఎప్పుడూ కూర్చోలేదు. టికెట్టమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. అయిపోయింది. కిటికీ లేని సామాన్ల గది కళ్ళముందు తెరుచుకుంది.

సరిగ్గా అప్పుడే రంగులాయన దిగబడ్డాడు. చేతిలో కొలిచే టేపు, కాళ్ళకి బూట్లు, మొహంలో తొందర.

"కూర్చోండి" అన్నాడు మాస్టారు అలవాటుగా.

"కూర్చునే తీరిక లేదు మాస్టారూ. పైకెళ్ళి కొలిచేసుకుంటాను. ఇదేంటి, తలుపుకి అడ్డంగా ఎవరో పడున్నారు?"

"పడుకున్నారు" అన్నాడు మాస్టారు.

"లేపండి. కుర్చీ జరిపితే గానీ తలుపు రాదు." అని రంగులాయన వంగి, నిద్రపోతున్న మనిషి భుజం పట్టుకుని కుదిపాడు. "ఏమయ్యా! లే లే!"

మాస్టారి మెడనరాలు ఉబ్బాయి.

"చెయ్యి తియ్యి! మనిషి రాత్రంతా నిలబడి ప్రయాణం చేసి వచ్చాడు! అలిసిపోయి ఉన్నాడు! కాసేపు పడుకోనివ్వాలన్న ఇంగితం లేదా?"

"నేను పొద్దుట్నించీ మొత్తుకుంటున్నది అదే కదన్నయ్యా!" అంది టికెట్టమ్మ, గొంతు కీచుమనేంత గట్టిగా.

మాస్టారు చెల్లెలి వంక చూశాడు, భార్య వంక చూశాడు, ఖాళీ టీ కప్పుల వంకా ఫోటోల వంకా చూశాడు. ఆయన చెవులు మెల్లగా ఎర్రబడ్డాయి. వదిన కొంగు నోట్లో కుక్కుకుంది.

"అంటే ఈయన నన్ను..." అని ఆగాడు. "నేను ఈయన్ని..." అని మళ్ళీ ఆగాడు.

"మీ ఇంటి గొడవ నాకెందుకండీ" అన్నాడు రంగులాయన. "మీకు ఇబ్బంది కలిగితే మేడ నాకన్నారు. కలిగిందా లేదా? ఒక్క మాట చెప్పండి."

మాస్టారు చొక్కా కిందకి లాక్కుని, మడమలు దగ్గరికి చేర్చి, ఛాతీ ముందుకి పెట్టాడు.

"కలిగింది" అన్నాడు. "ఇప్పుడే, నీ వల్ల. వెళ్ళేటప్పుడు బూట్లు చప్పుడు చెయ్యకుండా వెళ్ళు."

రంగులాయన ఏదో అనబోయి, ఆ ఛాతీ వంక చూసి మానుకుని, టేపు చుట్టుకుంటూ బయటికి నడిచాడు.

ఆ తరవాత అన్నాచెల్లెళ్ళిద్దరూ చెరో చెయ్యి పట్టుకుని లిఫ్టాయన్ని లేపి మెట్లెక్కించారు. మెట్లు ఇరుకు. ముగ్గురు పక్కపక్కన పట్టరు. టికెట్టమ్మ పైమెట్టు మీదనుంచి వెనక్కి నడుస్తూ లాగింది, మాస్టారు కిందనుంచి తోస్తూ, "లెఫ్ట్... రైట్... లెఫ్ట్..." అని గుసగుసగా అన్నాడు. మధ్యలో లిఫ్టాయన కళ్ళు తెరిచి, "ఎన్నో అంతస్తు?" అని అడిగాడు. టికెట్టమ్మకి నవ్వొచ్చి పట్టు సడలింది, ముగ్గురూ ఒక మెట్టు కిందకి జారారు. కింద వదిన మెట్లమీద చతికిలబడి కన్నీళ్ళు తుడుచుకుంటోంది.

పరుపుమీద పడేశాక దుప్పటి కప్పి దిగి వచ్చారు. ముందుగదిలో ముగ్గురూ నిలబడ్డారు. పైనుంచి గురక మొదలైంది. మొదట సన్నగా, తరవాత ఇల్లు ఇల్లంతా తనదే అన్నట్టు.

"విన్నావుటే!" అన్నాడు మాస్టారు మెరుస్తున్న కళ్ళతో. "ఎంత బాగా నిద్రపోతున్నాడో! పరుపు మంచిది వేశావు."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టారు. మాస్టారు మునివేళ్ళమీద గుమ్మం దాకా పరుగెత్తి, వేలు పెదవుల మీద పెట్టి, వీధి మొత్తాన్ని ఉష్ మన్నాడు.