మోకాలు తట్టి చూసే ఆంటీ

మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో మా పక్కింటి ఆంటీ పుచ్చకాయను తట్టి చూసినట్టే మోకాళ్లనూ తట్టి చూసేవారు. తన కుడి మోకాలి కీలు సగం మార్పించుకోవాలో, మొత్తం మార్పించుకోవాలో ఆవిడకు ఏడాదిగా తేలలేదు. ఎవరింట్లో బార్బెక్యూ విందు జరిగినా, ఆపరేషన్ అయినవాళ్ల ఎదుట కుర్చీ వేసుకుని, వేలి కణుపుతో వాళ్ల మోకాలు తట్టి, చెవి దగ్గరపెట్టి వినేవారు. "చప్పుడు అబద్ధం చెప్పదమ్మా" అనేవారు. ఈలోగా మెట్లెక్కలేక, మేడమీది పడగ్గది వదిలి కింద సోఫాలో పడుకోవడం మొదలుపెట్టారు.

చివరికి నేనే సర్జన్ దగ్గరికి తీసుకెళ్లాను.

"సగం మారిస్తే త్వరగా కోలుకుంటారు, కానీ మళ్లీ కోయాల్సి రావచ్చు. మొత్తం మారిస్తే ఆ బెడద తక్కువ, కానీ కోలుకోవడం ఆలస్యం" అని ఆయన ఇంగ్లీషులో చెప్పింది తెలుగులో వినిపించాను. ఆంటీ శ్రద్ధగా విని, ముందుకు వంగి ఆయన మోకాలు తట్టారు. ఆయన కెవ్వుమన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఈయనదీ అరిగిపోయింది కదమ్మా! తనెందుకు చేయించుకోలేదో అడుగు."

అడిగాను. ఆయన మోకాలు రుద్దుకుంటూ, "సగమా, మొత్తమా అన్నది ఇంకా తేల్చుకోలేదు" అన్నాడు.

ఆంటీ హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని లేచారు.

"ముందు ఆయన్ని చేయించుకోమను. తట్టి చూసి, అప్పుడు చెప్తాను."